ప్రమాద కారణం అనే గడి

2007లో దసరా అయిన మరుసటి వారం, బళ్లారి నుంచి సిరుగుప్ప పోయే రోడ్డు మీద జరిగిన ఒక మోటార్‌సైకిల్ ప్రమాదాన్ని సర్వే చేసి నివేదిక ఇమ్మని ఒక బీమా కంపెనీ డివిజనల్ మేనేజరు నాకు ఫైలు పంపించారు. అప్పటికి నేను మోటారు వాహనాల సర్వేయర్‌గా లైసెన్సు తీసుకుని పందొమ్మిదేళ్లయింది. సర్వేయర్ కంపెనీ ఉద్యోగి కాడు, బండి యజమాని మనిషీ కాడు. ఇద్దరికీ చెందకుండా మధ్యలో నిలబడి దెబ్బ ఎలా తగిలింది, ఎంత తగిలింది అని రాసి ఇచ్చేవాడు. అందువల్ల ఇద్దరికీ సమానంగా పనికిమాలినవాడిలా కనిపిస్తాడు. బళ్లారిలో ఆ మాట చెబితే భూములు కొలిచే సర్వేయర్ అనుకునేవారు. గనుల సరిహద్దులు కొలిపించుకోవాలన్న ఉబలాటం ఆ రోజుల్లో ఎవరికీ లేదు కాబట్టి ఆ పొరపాటు వల్ల నాకు పని భారమేమీ పెరగలేదు.

ఆ రోజులంటే ఇనుప ఖనిజం రోజులు. నిన్నటిదాకా వడ్ల బస్తాలు లెక్కపెట్టుకున్నవాళ్లు ఇవాళ టిప్పర్లు లెక్కపెట్టుకునేవారు. రోడ్డు పొడుగునా లారీలు, లారీల వెనక ఎర్ర దుమ్ము. సత్యనారాయణపేటలో మా ఇంట్లో తెల్ల పంచె ఉతికి ఆరేస్తే సాయంత్రానికి ఇటుక రంగు తేలేది. అభివృద్ధి ఇంటింటికీ రావడమంటే ఇదే కాబోలు అనుకుని దులుపుకునేవాళ్లం.

ఫైలులోని బండి యజమాని పేరు పంపాపతి. కెంచనగుడ్డలో తరతరాలుగా వరి పండించిన కుటుంబం. ఖనిజం ధర పెరిగాక పొలాలు తమ్ముళ్లకు వదిలి మొదట రెండు లారీలు, తరువాత టిప్పర్లు, ఆ తరువాత ఒక గనిలో వాటా సంపాదించాడు. కొడుకు కిరణ్ మూడేళ్లుగా ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం శ్రద్ధగా చదువుతున్నాడు. ఆ కుర్రవాడు తన కొత్త బండి మీద వస్తూ రోడ్డు పక్కన ఆగి ఉన్న టిప్పర్ను వెనక నుంచి గుద్దాడు. కుడికాలు రెండుచోట్ల విరిగింది. టిప్పర్ కూడా వాళ్లదే. జిల్లాలో అన్ని వేల టిప్పర్లు తిరుగుతుండగా వెతికి మరీ సొంతదాన్నే గుద్దడం వల్ల మూడో మనిషి పరిహారం లెక్క వేసే పని నాకు తప్పింది.

క్లెయిముతో పాటు ఇంకో కాగితం జత చేసి ఉంది. బండిని తయారుచేసిన ఎర్రిస్వామి అనే మెకానిక్ నాసిరకంగా వెల్డింగ్ చేయడం వల్లే ప్రమాదం జరిగిందని, అతనిపై కేసు పెట్టి షాపు మూయించాలని పోలీసులకు ఇవ్వబోయే ఫిర్యాదు అది. తేదీ వేయలేదు. నా నివేదిక రాగానే వేస్తారట. ఈ విషయంలో దాపరికమేమీ లేదు. పంపాపతి నాకు స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు.

"సార్, రిపోర్టు మీరు రాయండి. పోలీసుల పని నేను చూసుకుంటాండా. మీకు ఆ తిప్పలొద్దు."

మా నివేదికలో 'ప్రమాద కారణం' అని ఒక గడి ఉంటుంది. రెండంగుళాల గడి. ఏ ఒక్కటి జరగకపోతే ప్రమాదం జరిగి ఉండేది కాదో దాన్ని అందులో రాయాలి. 'వెల్డింగ్ లోపం' అని నేను అందులో రెండు మాటలు రాస్తే ఎర్రిస్వామి స్టేషనుకు పోతాడు. పంపాపతి ఔదార్యం వల్ల మిగతా తిప్పలేవీ నాకు లేవు.

ప్రమాదం తరువాత బండిని మోసుకొచ్చిన లారీ డ్రైవరు అలవాటు ప్రకారం ఎర్రిస్వామి షాపులోనే దించి పోయాడు. ముద్దాయి అనబోయే మనిషి చేతిలోనే సాక్ష్యం పెట్టి పోవడం పద్ధతి కాదు. కానీ పద్ధతి గురించి లారీ డ్రైవర్ను అడగడానికి బళ్లారి తగిన ఊరు కాదు. ఫైలు వచ్చిన మర్నాడు పొద్దున్నే కెమెరా, టేపు, టార్చి, పెన్సిళ్లు సంచిలో వేసుకుని స్కూటర్ మీద అక్కడికి పోయాను.

షాపు సిరుగుప్ప రోడ్డులో, టైర్లకు తొడుగులు వేసే షెడ్డు వెనక ఉంది. రేకుల కప్పు, మూడు గోడలు. నాలుగో గోడ ఉండాల్సిన చోట పది బండ్లు. అన్నీ పాత మూడువందల యాభై సీసీ బండ్లే. ఒకప్పుడు పాలవాళ్లూ పోలీసులూ తోలినవి. వాటి నడుములు కోసి సాగదీశారు, ముందు ఫోర్కులు పొడిగించారు, సీట్లు నేల మీదికి దించారు. ముందు చక్రం మలుపు తిరిగాక కాసేపటికి గాని వెనక చక్రానికి కబురు అందదు. హ్యాండిళ్లు ఎంత ఎత్తంటే, నడిపేవాడు పోలీసులకు లొంగిపోయిన దొంగలా రెండు చేతులూ పైకెత్తి కూర్చోవాలి. గని సంపాదన వచ్చిన ఇళ్లలోని కుర్రవాళ్లు ఈ భంగిమ కోసం వరసలో నిలబడేవారు.

ఎర్రిస్వామికి అప్పుడు నలభై దాటి ఉంటాయి. అంతకు ముందు రైసుమిల్లులో ఫిట్టరు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు గాని దండాలూ దస్కాలూ పెట్టలేదు. ప్రమాదం బండిని ఒక మూల నిలబెట్టి చుట్టూ పురికొస కట్టి ఉంచాడు.

"వచ్చిన కాణ్నించి ముట్టలేదు సార్. ముట్టుకుంటే మల్ల నేనే ఏందో మార్చినానంటారు."

మామూలుగా మేము వెళ్లేసరికి గ్యారేజీవాళ్లు బండిని సగం విప్పి, మిగతా సగం మాయం చేసి ఉంటారు. ఇలా తాడు కట్టి కాపలా కాసినవాణ్ని నేను ఈ పనిలో చూడటం అదే మొదలు. ఇంత అమాయకుడు వ్యాపారం ఎలా చేస్తున్నాడా అనుకున్నాను.

మొదటి పని ఛాసిస్ నంబరు. దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. అది ఆర్.సి. పుస్తకంతో కలవాలి. కలిసింది. నిజానికి పాత బండిలో మిగిలింది ఆ నంబరూ, ఇంజనూ మాత్రమే. రెండో పని వెల్డింగులు. వీటిని కళ్లతో చూసి తేల్చకూడదు. అతుకు మీద కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్దపొడి చల్లాలి. సన్నని చీలిక ఉన్నా అందులో దిగిన కిరసనాయిలు మళ్లీ పైకి ఊరి సుద్ద మీద తడిగీత కనిపిస్తుంది. ఏడు అతుకులకు ఏడుసార్లు చేశాను. గీత రాలేదు. ఫోర్కు వంగింది గాని అతుకు దగ్గర కాదు, దానికి జానెడు కింద. పంపాపతి చెప్పిన వెల్డింగ్ లోపం ఆయన కాగితంలో తప్ప ఎక్కడా లేదు.

తనిఖీ మధ్యలో ఎర్రిస్వామి పనితనం చూసి ముచ్చటపడ్డానని ఒప్పుకోవాలి. ఆ దుమ్ములో మామూలు ఎయిర్ ఫిల్టరు వారానికి మూసుకుపోతుంది. కుర్రవాళ్లేమో ఫిల్టరు తీసేసి మెరిసే గరాటా పెట్టమని అడిగేవారు, అందం కోసం. ఎర్రిస్వామి గరాటా పెట్టి, వాళ్లకు చెప్పకుండా దాని లోపల నూనెలో తడిపిన స్పాంజి రెండు పొరలు కుట్టి పెట్టేవాడు. స్పార్క్ ప్లగ్గు విప్పి దాని మూతి రంగు చూసి ఇంజనుకు పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పేవాడు. ఆ ప్లగ్గు మూతి కాఫీ రంగులో ఉంది. అంటే ట్యూనింగ్ సరిగ్గా కుదిరింది. ఇంత తెలిసినవాడు చివరికి ఈ కుర్రవాళ్ల చేతులు పైకెత్తించడానికి పనికొచ్చాడు.

అప్పుడు యాక్సిలరేటర్ తిప్పి చూశాను. సగం తిరిగి అక్కడే ఆగిపోయింది. వదిలితే వెనక్కి రాలేదు.

బండి ఆగకుండా పోయి టిప్పర్ను గుద్దడానికి ఇంతకు మించి వివరణ అక్కర్లేదు. ఎత్తు హ్యాండిల్‌కు కంపెనీ వైరు చాలదు కాబట్టి ఎర్రిస్వామి గూడ్స్ ఆటో క్లచ్ వైరు వేశాడు. ఆ వైరు ఎక్కడో పట్టేసి ఉంటుంది. నేను నోట్‌బుక్కులో 'యాక్సిలరేటర్ వైరు బిగుసుకుంది, షాపు అమరిక' అని సిరాతో రాశాను. పెన్సిలుతో రాయడం నాకు నామోషీ. ఎర్రిస్వామికి తలకిందులుగా చదవడం కూడా వచ్చునని నాకు తెలియదు.

"వైరు నాదే సార్. దాన్ని విప్పి చూడండి. తప్పు నాదైతే అదే రాసుకోండి."

విప్పించాను. వైరు లాగితే నూనెలో జారినట్టు జారింది. కార్బురేటర్ దగ్గర స్ప్రింగు దాన్ని టక్కున వెనక్కి లాగింది. వైరు పట్టేయలేదు, పట్టేసింది పిడి. పందొమ్మిదేళ్ల అనుభవం రెండు నిమిషాలు ఆగి ఉంటే సిరా వృథా అయ్యేది కాదు. రాసింది కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. మా పద్ధతి ప్రకారం కొట్టివేతకు కూడా సంతకం ఉండాలి. మూర్ఖత్వానికి కూడా రికార్డు ఉండాలి కదా.

పిడి చుట్టూ ఎర్ర దుమ్ము ఉంది. దాన్ని నేను ముందే చూశాను, జేబురుమాలుతో తుడిచేశాను కూడా. ఆ ఊళ్లో ఎర్ర దుమ్మును ఎవరూ పట్టించుకోరు. టీ గ్లాసు మీదా ఉంటుంది, దేవుడి పటం మీదా ఉంటుంది. అప్పుడు ఎర్రిస్వామి హ్యాండిల్ పట్టుకుని కొంచెం ఎత్తి, మళ్లీ దించాడు.

"నేనిచ్చినప్పుడు ఇంత బరువు లేదు సార్. వంద మార్లు ఎత్తి పెట్టింటా దీన్ని. లోపల ఏందో ఉండాది."

పిడి తొడుగు కోసి లాగాం. గొట్టం చివర గుడ్డ పేలిక ఒకటి సగం ఊడి వేలాడుతోంది. దాన్ని తీయగానే గొట్టంలోంచి ఎర్రని పొడి సన్నని ధారగా కారింది. కింద పేపరు పరిచి, హ్యాండిల్ విప్పి, వంచి మొత్తం పోయించాం. పక్కన కిరాణా కొట్టు త్రాసులో తూచి రాయించుకున్నాను. ముప్పావు కిలో. రోడ్డు మీది దుమ్ము ఎంత విశ్వాసంగా ప్రయాణించినా హ్యాండిల్ లోపలికి ముప్పావు కిలో ఎక్కదు. అరచేతిలో పోసుకుంటే బరువుగా ఉంది. మేలురకం ఇనుప ఖనిజం. బండి అదురుకు గుడ్డ వదులై, పొడి జారి, గొట్టానికీ పిడికీ మధ్య చేరి బిరడాలా బిగుసుకుంది.

ఎలా జరిగిందో తెలిసింది. ఎవరు చేశారో తెలియలేదు. ఆ పొడి ఎర్రిస్వామే పోసి ఉంటే ఫిర్యాదులో 'వెల్డింగ్' అన్న చోట ఇంకో మాట పెడితే సరిపోతుంది. తాను కాదని అతను తన ఇలవేల్పు మీద ఒట్టు పెట్టాడు. ఒట్టును నివేదికకు జత చేసే ఏర్పాటు లేదని చెప్పాను. మనిషి ముఖం మాడిపోయింది. నాకూ లోపల బాధగానే అనిపించింది.

యజమాని వాంగ్మూలం తీసుకోవడం కూడా సర్వేలో భాగమే. ఆ మధ్యాహ్నం పంపాపతి ఇంటికి వెళ్లాను. హాలులో ఊయల, ఊయల ఎదుట గోడంత టీవీ, టీవీ ఎదుట కాలికి కట్టుతో కిరణ్. పిడి వెనక్కి రాలేదని, రెండు చేతులతో దాన్ని తిప్పుతూ క్లచ్ సంగతి మరిచిపోయానని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ తరువాత దీపావళికి బండి సిద్ధమవుతుందా అని అడిగాడు.

హ్యాండిల్‌లో ఖనిజం దొరికిందని నేను మాటలు వెతుక్కుంటూ చెప్పాను. పంపాపతికి ఆ ఇబ్బంది లేదు. ఆయన ముఖం వెలిగింది.

"మా మైన్సు మట్టి సార్ అది. అరవై నాలుగు గ్రేడు. చైనాకు పోయే సరుకు. ఆయుధపూజ నాడు కార్లో డబ్బీలో పెట్టినాము, జీపులో పెట్టినాము. బైకులో యాడ పెట్టేది? మా టిప్పర్ల షెడ్డు వెల్డరు హ్యాండిల్ బొక్కలో పోసి గుడ్డ కుక్కినాడు. లక్ష్మి సార్. బండికి స్వల్ప వెయిట్ గూడ వచ్చింది."

ఆ లక్ష్మే పిడిని పట్టేసిందని వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. అంతా విని, అన్ని టన్నులు ఓడల్లో పోయినా ఏ ఓడకూ ఏమీ కాలేదని, ముప్పావు కిలోతో కాలు ఎట్లా విరుగుతుందని అడిగాడు. ఈ ప్రశ్నకు నా శిక్షణలో జవాబు లేదు. తన వాంగ్మూలం కింద మాత్రం అభ్యంతరం లేకుండా సంతకం పెట్టాడు. ఖనిజం గ్రేడు కూడా రాయమన్నాడు, రాశాను. హ్యాండిల్‌లోంచి తీసిన ఆ పొడిని మేము ఎక్కడ పారేశామో అని కాస్త కంగారు పడ్డాడు.

మూడు రోజులు కూర్చుని నివేదిక రాశాను. ప్రమాద కారణం గడిలో 'యజమాని హ్యాండిల్ గొట్టంలో నింపిన ఖనిజపు పొడి జారి యాక్సిలరేటర్ పిడి బిగుసుకోవడం. వెల్డింగులలో లోపం లేదు' అని రాశాను. తేదీ లేని ఫిర్యాదుకు ఇక తేదీ వేసే అవసరం రాలేదు. పోలీసులు షాపు వైపు పోలేదు. మేనేజరు నన్ను అభినందించారు. నన్ను నేను కూడా అభినందించుకున్నాను.

అక్కడితో ఆగవలసింది. 'వాహన వివరాలు' అని ఇంకో గడి ఉంటుంది. మామూలుగా అందులో మూడు లైన్లు రాస్తాం. నేను రెండు పేజీలు రాసి జత చేశాను. ఒక మంచి పనివాడికి నివేదికలోనైనా మర్యాద జరగాలన్న ఉబలాటం నాది. ఛాసిస్‌ను ఎక్కడ కోసి ఎన్ని అంగుళాలు పొడిగించాడో, ఫోర్కు కోణం ఎంత మార్చాడో, సైలెన్సర్ లోపలి గొట్టం ఎంత చక్కగా తీసేశాడో, సెంటీమీటర్లతో సహా, షాపు పేరుతో సహా రాశాను. 'ఈ షాపులో ఇటువంటి వాహనాలు పది సిద్ధంగా ఉన్నవి, పనితనం ప్రశంసనీయం' అని ముగించాను.

రిజిస్టరైన బండి నిర్మాణాన్ని ముందు అనుమతి లేకుండా మార్చకూడదని చట్టం. మార్పు ఆర్.సి.లో ఎక్కాలి. ఇది నాకు తెలియనిదేమీ కాదు. పందొమ్మిదేళ్లుగా ఇతరులకు చెబుతున్నదే. కంపెనీ నా రెండు పేజీలను ఆధారం చేసుకుని క్లెయిము తిరస్కరించింది. పంపాపతి పట్టించుకోలేదు. తిరస్కరణ లేఖ నకలు, దాంతో నా నివేదిక నకలు, పద్ధతి ప్రకారం రిజిస్ట్రేషన్ అధికారికి పోయాయి. రెండు నెలల తరువాత షాపుకు నోటీసు వచ్చింది. అందులోని ఆరోపణలు రాసినవాళ్లు పెద్దగా శ్రమపడలేదు. నా వాక్యాలనే వరసగా దించుకున్నారు, సెంటీమీటర్లతో సహా. 'ప్రశంసనీయం' అన్న మాట ఒక్కటే వదిలేశారు.

షాపులో ఉన్న పది బండ్లనూ యజమానులు ఒక్క రోజులో తోలుకుపోయారు. ఎర్రిస్వామి ఆ నోటీసూ, దానికి జత చేసి పంపిన నా నివేదిక నకలూ పట్టుకుని ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. నేను ఆ రెండు పేజీలు ఎందుకు రాశానో చెప్పాను. అతను తల ఊపాడు.

"ఒక్క అక్షరం అబద్ధముంటే కొట్లాడుతాంటి సార్. అంతా నిజమే ఉండాది. యాడికి పోయి కొట్లాడేది?"

సిగ్గుపడ్డాను. ఆ తరువాత అతను సామానంతా అమ్మేసి సిరుగుప్పలో రైసుమిల్లు మోటార్ల పనికి వెళ్లిపోయాడు. బళ్లారిలో పొడుగు ఫోర్కుల సరదా మాత్రం తగ్గలేదు. ఆ పనిని టిప్పర్ల షెడ్డుల్లోని వెల్డర్లు అందుకున్నారు. వాళ్లకు బోర్డు లేదు కాబట్టి నోటీసు అంటించడానికి చోటు లేదు. వాళ్లు చేసిన బండ్లను ఆ తరువాత రెండేళ్లలో చాలానే సర్వే చేశాను. కిరసనాయిలూ సుద్దా అక్కర్లేదు, అతుకుల్లోని చీలికలు స్కూటర్ దిగకుండానే కనిపించేవి.

ఇంకా పదేళ్లు సర్వేలు చేసి విరమించుకున్నాను. వాహన వివరాలకు మళ్లీ ఎప్పుడూ మూడు లైన్లు దాటలేదు. నివేదికలో ఒక్కో గడిని ఒక్కొక్కరు చదువుతారని ఆ కేసులో నేర్చుకున్నాను. కారణం గడి పోలీసులకు, వివరాల గడి కంపెనీకి, నకలు ఇంకో కార్యాలయానికి. ఎవరికి కావలసిన వాక్యం వాళ్లు తీసుకుని ఫైలు మూసేస్తారు. ఆ నివేదికను మొదటి నుంచి చివరి దాకా చదివినవాడు ఎర్రిస్వామి ఒక్కడే.